ఒక దీవి, ఒక రిసార్టు: మాల్దీవుల విహారానికి యాభై ఏళ్లు

మాల్దీవుల్లో విహారయాత్రల వ్యాపారం 1972లో మొదలైంది. అప్పటికి ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడేళ్లు, రాజరికం పోయి నాలుగేళ్లు. దేశం మొత్తంలో హోటలు అనదగింది ఒక్కటీ లేదు. డబ్బు మార్చుకోవడానికి బ్యాంకు లేదు. 1974లో భారతీయ స్టేట్ బ్యాంకు రాజధాని మాలేలో శాఖ తెరిచాకే ఆ కొరత తీరింది. అంతకు కొన్నేళ్ల ముందు పరిశీలనకు వచ్చిన ఐక్యరాజ్యసమితి నిపుణులు ఈ దీవులు పర్యాటకానికి పనికిరావని తేల్చి వెళ్లారు. కరెంటు, మంచినీళ్లు, కూరగాయలు, రోడ్లు, రేవులు ఏవీ లేని చోటికి డబ్బున్నవాళ్లు రారన్నది వాళ్ల వాదన. ఆ లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వచ్చేవాళ్లు ఏం కోరి వస్తారన్న దగ్గరే అంచనా తలకిందులైంది.

ఐదు దశాబ్దాలు తిరిగేసరికి కొత్తగా పెళ్లయిన జంట సముద్రతీరాన నాలుగు రోజులు గడపడం అంటే ఎలా ఉండాలో ప్రపంచానికి చూపించే నమూనాగా ఈ దేశమే నిలిచింది. చుట్టూ నీలిరంగు నీళ్లు, మధ్యలో ఒక చిన్న దీవి, దాని మీద ఒకే రిసార్టు, పొద్దున లేచి మాస్కు తగిలించుకుంటే గది మెట్ల కిందే రంగురంగుల చేపలు. ఈ ఏకాంతాన్ని ప్రకృతి ఇచ్చిందని అనుకోవడం పరిపాటి. ప్రకృతి ఇచ్చింది దీవుల్ని మాత్రమే. ఏకాంతాన్ని తయారు చేసింది చాలావరకు ఒక ప్రభుత్వ నిబంధన.

మాల్దీవులు ఉత్తరం నుంచి దక్షిణానికి 800 కిలోమీటర్లకు పైగా సాగిన దీవుల వరస. లెక్కకు వచ్చే దీవులు సుమారు 1,190. జనం ఉండేవి రెండు వందలకు అటూ ఇటూ. నేలంతా కలిపినా 300 చదరపు కిలోమీటర్లు ఉండదు, అంటే హైదరాబాద్ నగరంలో సగం కూడా కాదు. సహజంగా ఏర్పడిన నేల ఎక్కడా సముద్రమట్టానికి రెండున్నర మీటర్ల ఎత్తు దాటదు. దీవులు విడివిడిగా కాక ఉంగరాల్లాంటి గుంపులుగా ఉంటాయి. ఒక్కో ఉంగరాన్ని అటోల్ అంటారు. ఆ మాట ప్రపంచ భాషలన్నిటికీ ఇక్కడి ధివేహి భాష నుంచే వెళ్లింది. 1834 నుంచి 1836 వరకు రాబర్ట్ మోర్స్‌బీ అనే నౌకాధికారి ఈ అటోళ్లను కొలిచి పటాలు గీశాడు. 1842లో చార్లెస్ డార్విన్ వీటి పుట్టుకకు వివరణ ఇచ్చాడు. సముద్రంలో ఒక అగ్నిపర్వతం మెల్లగా కుంగిపోతుంటే దాని అంచు చుట్టూ పెరిగిన పగడపు జీవులు వెలుతురు కోసం పైపైకి కడుతూ వస్తాయి. కొండ పూర్తిగా మునిగిపోయినా పగడపు వలయం మిగిలి ఉంటుంది.

ఆ వలయం లోపలి నీరు లోతు తక్కువ, అలలు లేనిది. వలయం వెలుపలి వైపు నాలుగు బారలు ఈదితే చాలు, అడుగు కనిపించనంత లోతుకు గోడలా దిగిపోతుంది. ఈత అంతంత మాత్రంగా వచ్చినవాడు కూడా తీరానికి దగ్గర్లోనే ఉండి నడిసముద్రపు చేపల్ని చూడగలిగే వీలు ఇక్కడ ఉండడానికి కారణం ఇదే. ఈ దేశంలో ఒక్క నది కూడా లేకపోవడం మరో కారణం. నది లేనిచోట ఒండ్రు రాదు, ఒండ్రు రాని నీరు అద్దంలా ఉంటుంది, వెలుతురు కిందిదాకా దిగుతుంది, పగడం పెరుగుతుంది. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే మట్టినీటితో కలిసిన ఆంధ్ర తీరంలో ఇలాంటి పగడపు దీవులు ఏర్పడకపోవడానికి కారణం ఇక్కడే తెలిసిపోతుంది. డెల్టాకు వరిని ఇచ్చిన ఒండ్రే తీరానికి పగడాన్ని దక్కనివ్వలేదు.

తెల్లని ఇసుక సంగతీ చెప్పుకోవాలి. అది కొండరాయి అరిగి వచ్చిన ఇసుక కాదు. పగడపు దిబ్బ మీది పాచిని తినడానికి చిలక చేపలు ముక్కులాంటి పళ్లతో రాయిని కొరికి, పొడి చేసి, విసర్జిస్తాయి. వక్కారు అనే దీవి దగ్గర జరిపి 2015లో ప్రచురించిన పరిశోధనలో, కొత్తగా ఏర్పడే ఇసుకలో 85 శాతానికి పైగా ఈ చేపల నుంచే వస్తున్నట్టు తేలింది. జంటలు చేతులు పట్టుకుని నడిచే తీరం అసలు ఎక్కడిదో రిసార్టుల ప్రకటనల్లో రాయరు.

విహారానికి ముందు వెయ్యేళ్ల పాటు ఈ లోతు తక్కువ నీళ్లు పని చేసుకునే చోటు. మాల్దీవుల ప్రధాన ఎగుమతి గవ్వలు. తెలుగు ఇళ్లలో అష్టాచెమ్మా ఆటకు వేసే చిన్న పసుపుతెలుపు గవ్వల జాతే అది. బెంగాల్, ఒడిశాల్లో అది చిల్లర నాణెంగా చెల్లేది. మాల్దీవుల ఓడలు గవ్వలు దింపి బియ్యం ఎక్కించుకుని తిరిగి వచ్చేవి. అమావాస్యకూ పౌర్ణమికీ ఆటుపోట్లు బలంగా ఉండే రోజుల్లో ఆడవాళ్లు నడుములోతు నీళ్లలో దిగి గవ్వలు ఏరేవారని పదిహేడో శతాబ్దం మొదట్లో ఓడ మునిగి అక్కడ చిక్కుకున్న ఫ్రెంచివాడు పిరార్ రాశాడు. ఏరిన గవ్వల్ని గోతుల్లో పూడ్చి, లోపలి జీవి కుళ్లిపోయాక కడిగి పంపేవారు. డచ్చి, ఇంగ్లీషు వ్యాపారులు ఇవే గవ్వల్ని ఓడల అడుగున నింపి ఐరోపా మీదుగా పశ్చిమ ఆఫ్రికాకు చేర్చారు. అక్కడ వాటితో మనుషుల్ని కొన్నారు. గవ్వల తర్వాతి స్థానం కొబ్బరి పీచు తాళ్లది, ఉడికించి పొగబెట్టి ఎండబెట్టిన ట్యూనా చేపది.

మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా 1343లో ఇక్కడికి వచ్చి కొంతకాలం ఖాజీగా పనిచేశాడు. దేశం ఇస్లాంలోకి మారి అప్పటికే దాదాపు రెండు శతాబ్దాలు గడిచాయి. ఆడవాళ్లు నడుము పైభాగం కప్పుకోకుండా తిరగడం ఆయనకు నచ్చలేదు; కప్పుకోమని ఆజ్ఞ వేసి అమలు చేయించలేకపోయానని తనే ఒప్పుకున్నాడు. ఆరు శతాబ్దాల తర్వాత అదే తీరంలో వేషధారణ మళ్లీ ప్రభుత్వ వ్యవహారమైంది. ఈసారి కప్పుకోనివాళ్లు విదేశీయులు, చిక్కులో పడింది స్థానికులు.

సముద్రాన్ని చూడటానికీ, ఊరికే పడుకోవడానికీ ఊరు దాటి వెళ్లడం అన్నది ఈ దీవుల వాళ్లకు గానీ, చుట్టుపక్కల దేశాల వాళ్లకు గానీ ఉన్న అలవాటు కాదు. తెలుగునాట సముద్రస్నానం పర్వదినాల పని. మాఘ పూర్ణిమకో, గ్రహణానికో మునిగి, తలార్పుకుని ఇంటికి వచ్చేయాలి. ఐరోపాలోనూ సముద్రం మొదట మందుగానే వచ్చింది. 1750ల్లో ఇంగ్లీషు వైద్యుడు రిచర్డ్ రస్సెల్ గ్రంథులు వాచినవాళ్లకు సముద్రపు నీళ్లు తాగించి, ముంచి లేపేవాడు. ఎండలో ఒళ్లు నల్లబరుచుకోవడం ఫ్యాషన్ అయింది 1920ల్లో. 1950లో స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిలో క్లబ్ మెడ్ సంస్థ మొదటి గుడారాల ఊరు వేసి, తిండీ ఈతా ఆటా అన్నీ ఒకే ధరలో కలిపింది. 1967లో పసిఫిక్‌లోని రైయాతెయా దీవిలో ముగ్గురు అమెరికన్లు, తమ హోటలుకు ఇసుక తీరం లేకపోవడంతో, నీళ్లలో గుంజలు పాతి వాటి మీద కొబ్బరాకుల గదులు కట్టారు. ఇవాళ మాల్దీవుల గుర్తుగా చలామణీ అవుతున్న నీటిమీది విల్లా అలా మరో మహాసముద్రంలో, ఒక లోటును కప్పిపుచ్చుకోవడానికి పుట్టింది.

నీళ్లలోకి తొంగిచూసే పరికరం కథ ఇంకా పాతది. మునిగి పనిచేసేవాళ్లు గాలి పీల్చుకునే గొట్టాలు వాడతారని, అవి ఏనుగు తొండంలా ఉంటాయని అరిస్టాటిల్ రాశాడు. అయితే నేటి స్నార్కెల్‌కు మూలం 1930ల నాటి ఫ్రాన్స్ దక్షిణ తీరం. అక్కడ నీళ్లలో చేపల్ని గురిచూసి పొడిచే వేట ఒక వ్యసనంలా పాకింది. లూయీ ద కోర్లియు 1933లో కాళ్లకు తొడుక్కునే రబ్బరు రెక్కలకు పేటెంటు తీసుకున్నాడు. కళ్లకు విడివిడిగా ఉన్న అద్దాల స్థానంలో ముక్కునూ కలిపి కప్పే ఒకే అద్దం మాస్కు ఆ దశాబ్దం చివర్లో వచ్చింది. గొట్టం మాత్రం ఇప్పటికీ జానెడున్నరకు మించి పొడవు ఉండదు. అర మీటరు లోతులోనే నీటి ఒత్తిడి రొమ్మును ఎంత నొక్కుతుందంటే, పై గాలిని లోపలికి లాగే బలం ఊపిరితిత్తులకు చాలదు. దానికి తోడు పొడవైన గొట్టంలో వదిలిన గాలే మళ్లీ లోపలికి వస్తుంది. అందువల్ల స్నార్కెల్ మనిషి నీటి మీద బోర్లా తేలాల్సిందే. లోతుకు పోవాలంటే 1943లో కూస్తో, గాన్యాన్ కలిసి తయారు చేసిన గాలి సిలిండరు పరికరం కావాలి.

ఈ రెండు కథలూ మాల్దీవుల్లో కలిసింది ఆస్ట్రియాకు చెందిన హాన్స్ హాస్ దగ్గర. 1957-58లో ఆయన క్షరీఫా అనే తెరచాప ఓడలో శాస్త్రవేత్తలను వెంటబెట్టుకుని వచ్చి ఇక్కడి దిబ్బల్ని పరిశోధించాడు. 1950లో ఆయన్ను పెళ్లాడిన లోట్టే హాస్ అప్పటికే నీటి అడుగున తీసిన సినిమాల్లో నటించి పేరు తెచ్చుకుంది. 1956లో బీబీసీ టెలివిజన్ ఈ దంపతుల సాహసాలను ధారావాహికగా చూపించింది. పగడాల మధ్య ఈదే భార్యాభర్తల దృశ్యం ఐరోపా మధ్యతరగతి ఇళ్లలోకి అలా చేరింది. మరో పదిహేనేళ్లకు ఆ ఇళ్ల పిల్లలే టికెట్లు కొనుక్కున్నారు.

1971 చివర్లో జార్జ్ కోర్బిన్ అనే ఇటలీ యాత్రల వ్యాపారి ఎవరూ చూడని దీవుల కోసం వెతుకుతూ కొలంబో చేరాడు. అక్కడి మాల్దీవుల రాయబార కార్యాలయంలో పనిచేస్తున్న అహ్మద్ నసీమ్ ఆయన్ను మాలేకు తీసుకెళ్లాడు. 1972 ఫిబ్రవరిలో కోర్బిన్ ఒక చిన్న బృందంతో తిరిగి వచ్చాడు. అందులో ఎక్కువమంది ఇటలీ ఫొటోగ్రాఫర్లు, పత్రికలవాళ్లు. హోటలు లేదు కాబట్టి నసీమ్, మహమ్మద్ ఉమర్ మణికు, హుస్సేన్ అఫీఫ్ అనే ముగ్గురు యువకులు వాళ్లను మాలేలో ఇళ్లలోనే ఉంచి, వండిపెట్టి, పడవల్లో తిప్పారు. వచ్చినవాళ్లకు కావలసింది ఈతా, చేపలూ, ఎండా. ఆ మూడూ పుష్కలంగా దొరికాయి. లేని వాటి గురించి వాళ్లు అడగనే లేదు.

అదే ఏడాది అక్టోబరు 3న విహమనాఫుషి అనే కొబ్బరితోట దీవిలో కురుంబా విలేజ్ అనే రిసార్టు తెరుచుకుంది. ధివేహిలో కురుంబా అంటే కొబ్బరి బోండాం. గదులు ముప్ఫై. గోడలకు పగడపు రాయి, కప్పుకు కొబ్బరాకులు, దూలాలకు కొబ్బరి మానులు. స్నానానికి బావిలోని ఉప్పునీళ్లు. దీవిని ఎంచుకోవడంలో అందం కన్నా దూరం లెక్క పనిచేసింది. హుల్హులే దీవి మీద 1966లో తయారైన విమానాల రన్‌వేకు అది పడవలో కాసేపటి ప్రయాణం. డిసెంబరులో బండోస్ తెరిచారు. ఏడాది ముగిసేసరికి రెండు రిసార్టులు, 280 పడకలు, వెయ్యి మందికి పైగా అతిథులు. ఉప్పు స్నానం, చేపా అన్నం, ఫోను లేకపోవడం వంటి వాటిని వాళ్లు ఫిర్యాదులుగా కాక అనుభవాలుగా చెప్పుకోవడం ఈ వ్యాపారానికి దొరికిన మొదటి ఆస్తి.

సమయం కూడా కలిసివచ్చింది. విదేశీ మారకం కరువైన శ్రీలంక మాల్దీవుల ఎండు చేపల కొనుగోలును తెగ్గోసింది. దక్షిణాన గాన్ దీవిలోని బ్రిటిష్ వైమానిక స్థావరం 1976లో మూతపడి వందల మంది జీతాలు పోయాయి. చేపా కొబ్బరీ తప్ప మరో ఆధారం లేని దేశానికి డాలరు తెచ్చే మార్గం ఒక్కటే కనిపించింది.

మొదటి పదిహేనేళ్లు ఇది జంటల దేశం కాదు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది జర్మనీ, ఇటలీల నుంచి దిగిన డైవర్లు. గది ఎలా ఉన్నా వాళ్లకు పట్టేది కాదు. దిబ్బ ఎంత దగ్గరన్నదే లెక్క. ప్రతి రిసార్టూ తన తీరాన్ని ఆనుకున్న దిబ్బను ఇంటి దిబ్బ అని పేరుపెట్టి ప్రచారం చేసుకునే అలవాటు వాళ్ల వల్లే వచ్చింది. మిగిలిన పేర్లు జాలర్లవి. నీటిలో మునిగి ఉండే పగడపు మెట్ట తిల, దాదాపు నీటిమట్టానికి వచ్చేది గిరి, రెండు దిబ్బల నడుమ ప్రవాహం పోటెత్తే సందు కండు. డైవింగ్ పటాల్లో ఇవాళ్టికీ ఇవే పేర్లు. దారి చూపినవాళ్లు కూడా ఆ జాలర్లే. ధోని అనే కొబ్బరి చెక్క పడవలకు 1970ల్లో ఇంజన్లు అమరుతున్న కాలం అది. పొద్దున ట్యూనాకు పోయే పడవ మధ్యాహ్నం డైవర్లను మోసేది.

ఏకాంతానికి చట్టం పునాది పడింది ఆ దశాబ్దం చివర. 1979లో పర్యాటక చట్టం, 1983లో మొదటి పర్యాటక ప్రణాళిక వచ్చాయి. జనం లేని దీవిని ప్రభుత్వం కౌలుకు ఇస్తుంది. ఆ దీవిలో ఒకే రిసార్టు ఉండాలి. కట్టడాలు నేలలో కొద్ది భాగాన్ని మించి ఆక్రమించకూడదు, చెట్ల తలలు దాటి లేవకూడదు. కరెంటు జనరేటరు, ఉప్పునీటిని మంచినీటిగా మార్చే యంత్రం, మురుగు ఏర్పాటు, సిబ్బంది వసతి అన్నీ కౌలుదారే చూసుకోవాలి. 1984లో జనం ఉన్న దీవుల్లో పర్యాటకులు బస చేయడాన్ని ఆపేశారు. దీనికి చెప్పిన కారణం మతం, సంప్రదాయం. మద్యం, పందిమాంసం, ఈతదుస్తులు రిసార్టు దీవి దాటి రాకూడదు. చెప్పని కారణం కౌలు డబ్బు. ఇరవై ఆరు అటోళ్లలో ఎవరికి ఏ దీవి దక్కుతుందో మాలేలో నిర్ణయమయ్యేది, దక్కినవాళ్లు దేశంలోకెల్లా ధనవంతులయ్యారు.

రిసార్టుకూ ఊరికీ మధ్య గీసిన ఈ గీత అతిథికి వరం, దీవివాసికి దూరం. ఎదురుగా దీపాలు కనిపించే రిసార్టులోకి పక్క ఊరివాడు ఉద్యోగిగా తప్ప అడుగుపెట్టగలిగేవాడు కాదు. ఉద్యోగులు నెలల తరబడి ఇంటికి దూరంగా సిబ్బంది గదుల్లో ఉంటారు. కుటుంబాలు ఒప్పుకోక ఆడవాళ్లు ఈ పనిలోకి చాలా తక్కువగా వచ్చారు. ఖాళీలను బంగ్లాదేశ్, భారత్, శ్రీలంకల నుంచి వచ్చినవాళ్లు నింపారు. అతిథి వైపు నుంచి చూస్తే మాత్రం అమ్మేవాడు, అడుక్కునేవాడు, తేరిపార చూసేవాడు ఒక్కరూ లేని తీరం ప్రపంచంలో మరెక్కడా ఇంత కచ్చితంగా దొరకదు. హనీమూన్ జంటకు సరిగ్గా కావలసింది అదే. డైవర్ల కోసం ఎంచుకున్న దీవులు, సంప్రదాయం కోసం గీసిన గీత, రెండూ కలిసి ఎవరూ ఉద్దేశించని ఫలితాన్ని ఇచ్చాయి.

ఆ ఫలితానికి ధర కట్టింది కూడా ఒక జంటే. భారతీయ మూలాలున్న సోనూ శివదాసాని, ఆయన భార్య ఈవా 1995లో బా అటోల్‌లోని కునఫునధూ దీవిలో సొనేవా ఫుషి అనే రిసార్టు తెరిచారు. దిగగానే అతిథి చెప్పులు తీసి సంచిలో కట్టేస్తారు, వార్తలు చెవిన పడనివ్వరు. మొదటి అతిథులు 1972లో గత్యంతరం లేక అనుభవించిన లేమినే ఇక్కడ అత్యంత ఖరీదైన సౌకర్యంగా అమ్మారు. మిగిలిన రిసార్టులు అదే దారి పట్టాయి. దూరపు అటోళ్లకు ఎగిరే నీటి విమానాలు 1990ల్లో విస్తరించాయి. ట్విన్ ఆటర్ రకం ఈ చిన్న విమానాలు పగటి వెలుతురులో మాత్రమే తిరుగుతాయి, పైలట్లు చెప్పుల్లేకుండా నడుపుతారు. నీటిమీది విల్లాలు వరసలు కట్టాయి. 2005లో రంగాలి దీవిలో సముద్రం అడుగున అద్దాల భోజనశాల తెరిచారు. 2018లో అదే చోట నీటికి సుమారు ఐదు మీటర్ల కింద పడకగది వచ్చింది. 2020 నవంబరులో నటి కాజల్ అగర్వాల్ కొత్తగా పెళ్లయి అక్కడ దిగిన ఫొటోలు తెలుగు పత్రికలన్నిటా అచ్చయ్యాయి.

గీతకు అటూ ఇటూ రాపిడి అప్పుడప్పుడూ బయటపడింది. 2010లో ఒక రిసార్టులో పెళ్లి ప్రమాణాలను మరోసారి చేయించుకుంటున్న విదేశీ జంటను, వాళ్లకు తెలియని ధివేహిలో సిబ్బంది బూతులు తిట్టిన వీడియో పాకింది. ప్రభుత్వం క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. 2011 డిసెంబరులో మతవాదుల నిరసనల తర్వాత రిసార్టుల్లోని స్పాలన్నీ మూసేయమని ప్రభుత్వం ఆదేశించింది. వ్యాపారం ఏమవుతుందో తెలిసొచ్చి రోజుల్లోనే వెనక్కి తీసుకుంది.

ఇంతకన్నా పెద్ద దెబ్బలు సముద్రం నుంచే తగిలాయి. 1998లో ఎల్‌నినో ప్రభావంతో నీటి వేడి 32 డిగ్రీలు దాటింది. పగడపు జీవిలో కాపురముండి దానికి తిండీ రంగూ ఇచ్చే సూక్ష్మ శైవలాలు వేడికి బయటికి పోతాయి, పగడం సున్నంలా తెల్లబడి చచ్చిపోతుంది. తక్కువ లోతులోని పగడాల్లో చాలాచోట్ల పదింట తొమ్మిది వంతులు అలా పోయాయి. స్నార్కెల్ పెట్టుకున్నవాడికి కనబడేది ఆ లోతే. మెల్లగా తిరిగి పెరిగిన దిబ్బలు 2016లో మళ్లీ తెల్లబడ్డాయి. 2004 డిసెంబరు 26 సునామీలో వంద మందికి పైగా మరణించారు లేదా గల్లంతయ్యారు. రిసార్టుల్లో దాదాపు నాలుగో వంతు కొంతకాలం మూతపడ్డాయి. పగడాన్ని తవ్వి ఇళ్లూ రిసార్టులూ కట్టిన పాత అలవాటు తప్పు కూడా అప్పటికి తెలిసొచ్చింది. అలల్ని విరిచే గోడనే తవ్వి ఇంటి గోడ కట్టినట్టయింది. 1990ల నుంచే ఆ తవ్వకం మీద ఆంక్షలు మొదలయ్యాయి. 2009 అక్టోబరులో అధ్యక్షుడు మహమ్మద్ నషీద్ మంత్రులతో సహా సిలిండర్లు తగిలించుకుని నీటి అడుగున మంత్రివర్గ సమావేశం జరిపాడు. అది నాటకమే. ఇంత చిన్న దేశం మాట వినిపించుకోవడానికి వేరే దారి కూడా లేదు.

ఈతకొట్టే అతిథి వల్ల దిబ్బకు కొంత కాపలా దొరికిందన్నది నిజం. 1990ల మొదట్లో వేసిన ఒక అంచనా ప్రకారం, ఫిష్ హెడ్ అనే డైవింగ్ చోట ప్రాణంతో తిరిగే ఒక్కో సొర ఏడాదికి 33,500 డాలర్లు తెచ్చేది. అదే సొరను పట్టి అమ్మితే జాలరికి వచ్చేది 32 డాలర్లు. ఈ లెక్కే చివరికి గెలిచింది. 1995లో పదిహేను డైవింగ్ చోట్లను రక్షిత ప్రాంతాలుగా ప్రకటించారు. 2010లో సొరల వేటను దేశమంతటా నిషేధించారు. మాంటా టేకు చేపలు గుంపులుగా మేతకు వచ్చే హనిఫారు అఖాతం ఉన్న బా అటోల్ 2011లో యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతమైంది. హనిఫారులో సిలిండరు డైవింగ్ నిషిద్ధం, స్నార్కెల్‌కే అనుమతి. డైవర్లు తెరిచిన దేశంలో ఒకచోట డైవరు కన్నా తేలేవాడికి పెద్దపీట దొరికింది.

1984 నాటి గీత చెరిగింది 2009-10లో. జనం ఉన్న దీవుల్లో అతిథి గృహాలకు నషీద్ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. మాలేకు దక్షిణాన ఉన్న మాఫుషిలో మొదలైన ఈ వ్యాపారం ఊరూరా పాకింది. మసీదు, బడి, జాలర్ల రేవు ఉన్న ఊళ్లలోనే, తడికలు కట్టిన ఒక తీరపు ముక్కను ఈతదుస్తులకు కేటాయించారు. మద్యం లేదు, నీటిమీది విల్లా లేదు. ధర మాత్రం రిసార్టులో చిన్న వంతు, సముద్రం అదే. నెల జీతంతో ప్రణాళిక వేసుకునే భారతీయ జంటలకు మాల్దీవులు అందుబాటులోకి వచ్చింది ఈ దారిన.

2020లో మహమ్మారి వచ్చి మార్చి చివర మూసేసిన సరిహద్దుల్ని జూలై 15న తెరిచినప్పుడు పాత నిబంధన విలువ మళ్లీ తెలిసింది. ఒక దీవిలో ఒకే రిసార్టు అంటే దిగ్బంధం ముందే కట్టి ఉన్నట్టు. ఐరోపా తలుపులు మూసుకున్న ఆ కాలంలో భారతీయులు తరలివచ్చారు. 2021లో హైదరాబాద్ నుంచి మాలేకు నేరుగా విమానాలు మొదలయ్యాయి. ఆ ఏడాది సుమారు 2 లక్షల 90 వేల మందితో భారత్ మొదటి స్థానంలో నిలిచింది, 2023 వరకూ అక్కడే ఉంది. 2024 జనవరిలో ప్రధాని నరేంద్ర మోదీ లక్షద్వీప్‌లో స్నార్కెల్ పెట్టుకుని ఈదిన ఫొటోలు విడుదల చేశారు. వాటి మీద మాల్దీవుల ఉపమంత్రులు కొందరు చేసిన వ్యాఖ్యలు బహిష్కరణ పిలుపులకు దారితీశాయి. ఆ ఏడాది భారతీయుల సంఖ్య లక్షా 30 వేలకు పడిపోయింది, చైనా ముందుకు వచ్చింది. లక్షద్వీప్ చిట్టచివరి దీవి మినికాయ్‌లో మాట్లాడేది కూడా ధివేహి భాష రూపమే. లక్షద్వీప్‌లోనే ఉన్న బంగారం దీవిలో 1980ల చివర్లో ఒక చిన్న రిసార్టు నడిచినా, మాల్దీవుల బాట ఆ దీవులు పట్టలేదు.

మొత్తం మీద 2024లో మాల్దీవులకు 20 లక్షల మందికి పైగా వచ్చారు. రిసార్టులు 170 దాటాయి. పర్యావరణం పేరిట అతిథి నుంచి రాత్రికి 6 డాలర్ల చొప్పున 2015లో మొదలుపెట్టిన హరిత పన్నును ప్రభుత్వం 2025 జనవరి నుంచి రిసార్టుల్లో 12 డాలర్లకు పెంచింది. ఊళ్లలోని చిన్న అతిథి గృహాల్లో అది 6 డాలర్లే.